తాళానికి అప్పీలు లేదు

ఉద్యోగం పోయినవాళ్లకు అమెరికా రాష్ట్రాలు చెల్లించే బీమా సొమ్ము ఇప్పుడు ఒక లాగిన్ పేజీ వెనక ఉంది. అది తెరుచుకోకపోతే?

అమెరికాలో ఐటీ ఉద్యోగం ఎలా పోతుందో మన ఇళ్లలో ఇప్పుడు అందరికీ తెలుసు. తెల్లారి లేచేసరికి ఆఫీసు లాప్‌టాప్ తెరుచుకోదు, ఆఫీసు ఈమెయిల్ పనిచేయదు, సొంత ఈమెయిల్‌కి హెచ్ఆర్ వాళ్ల ఉత్తరం వచ్చి ఉంటుంది. 2022 నవంబరులో మెటా 11,000 మందిని, 2023 జనవరిలో గూగుల్ 12,000 మందిని తీసేస్తున్నట్టు ప్రకటించాయి. 2025 అక్టోబరులో అమెజాన్ 14,000 అంది. అలాంటి వారాల్లో శాన్ హోసే, ఫ్రీమాంట్, సన్నీవేల్ తెలుగు ఇళ్లలో రెండు ప్రశ్నలు నడుస్తుంటాయి. వీసా సంగతేంటి? అన్ఎంప్లాయ్‌మెంట్ వస్తుందా?

మొదటిదాని గురించి బోలెడు రాశారు. రెండోదాని గురించి రాసింది తక్కువ. అర్హత ఉండి, కాగితాలన్నీ సరిగ్గా ఉండి కూడా ఆ డబ్బు అందక వారాల తరబడి అవస్థ పడేవాళ్లు ఉన్నారు. వాళ్లను ఆపింది చట్టమూ కాదు, అధికారీ కాదు. 'మీ వివరాలు సరిపోలలేదు', 'మీ అకౌంట్ లాక్ అయింది' అని తెర మీద కనిపించే రెండు ముక్కలు.

క్లెయిమ్ తిరస్కరిస్తే ఇంటికి నోటీసు వస్తుంది. ఎందుకు తిరస్కరించారో, ఎన్ని రోజుల్లో అప్పీలు చేసుకోవచ్చో అందులో ఉంటుంది. కాలిఫోర్నియాలో 30 రోజులు, టెక్సాస్‌లో 14. అకౌంట్‌కు తాళం పడితే ఏ నోటీసూ రాదు. నిర్ణయమంటూ ఉంటేగా అప్పీలు చేయడానికి! ఈ పథకంలో అన్నిటికంటే పెద్ద అన్యాయం ఇక్కడే ఉందని నేను నమ్ముతున్నాను.

దానం కాదు, బీమా

నిరుద్యోగ భృతి అనగానే ఆంధ్రప్రదేశ్‌లో 2018 అక్టోబరు 2న మొదలైన యువనేస్తం గుర్తొస్తుంది. ఉద్యోగం లేని యువతకు నెలకు వెయ్యి రూపాయలు, ప్రభుత్వ ఖజానా నుంచి. అమెరికా పద్ధతి వేరు. పని చేస్తున్నంత కాలం ఆ ఉద్యోగి లెక్కన యజమాని పన్ను కడుతూ వస్తాడు. ఏటా మొదటి 7,000 డాలర్ల జీతం మీద కేంద్రానికి 6 శాతం, రాష్ట్రానికి సక్రమంగా కట్టినవాళ్లకు అందులో 5.4 శాతం దాకా మినహాయింపు. రాష్ట్రం పన్ను దీనికి అదనం. తన తప్పు లేకుండా ఉద్యోగం పోయినవాడు ఆ నిధిలోంచి కొన్ని వారాలు తీసుకుంటాడు. దీన్ని అడగడానికి మనవాళ్లలో చాలామంది మొహమాటపడతారు, పరువు తక్కువ అనుకుంటారు. కారుకు బీమా కట్టి, ప్రమాదం జరిగాక క్లెయిమ్ చేయడానికి ఎవరైనా సిగ్గుపడతారా?

ఈ డబ్బు తీసుకుంటే గ్రీన్‌కార్డుకు అడ్డమవుతుందన్న భయం కూడా ఉంది. ప్రభుత్వం మీద భారమయ్యేవాళ్లా కాదా అని తూచే 'పబ్లిక్ ఛార్జ్' పరీక్షలో నిరుద్యోగ బీమాను లెక్కలోకి తీసుకోరు. ఇది సంపాదించుకున్న హక్కు కిందికి వస్తుంది.

1932లో విస్కాన్సిన్ రాష్ట్రం దేశంలో మొదటగా ఈ చట్టం చేసింది. అప్పుడు మహామాంద్యం నడుస్తోంది. ఆ తర్వాత రూజ్‌వెల్ట్ మంత్రివర్గంలో కార్మిక శాఖ చూసిన ఫ్రాన్సెస్ పెర్కిన్స్ దీన్ని దేశమంతటికీ తెచ్చే పని నెత్తికెత్తుకుంది. 1935 ఆగస్టు 14న సామాజిక భద్రతా చట్టం మీద సంతకమైంది. ఏడాది తిరిగాక, 1936 ఆగస్టులో, విస్కాన్సిన్‌లో నీల్స్ రూడ్ అనే కార్మికుడు మొదటి చెక్కు అందుకున్నాడు. 15 డాలర్లు.

పెర్కిన్స్ కాలంలో చేసుకున్న రాజీ ఒకటి ఇప్పటికీ మనల్ని వెంటాడుతోంది. చట్టం కేంద్రానిది, నడిపేది రాష్ట్రాలు. 50 రాష్ట్రాలు, వాషింగ్టన్ డీసీ, ప్యూర్టోరికో, వర్జిన్ దీవులు కలిపి 53 పథకాలు. ప్రతిదానికీ సొంత నిబంధనలు, సొంత వెబ్‌సైటు, సొంత తాళం. కాలిఫోర్నియాలో వారానికి 40 నుంచి 450 డాలర్లు, గరిష్ఠంగా 26 వారాలు. ఆ 450 పరిమితి 2005 నుంచి కదల్లేదు. నాలుగు వారాల సొమ్ము కలిపినా ఈనాడు శాన్ హోసేలో ఒక పడకగది ఇంటి అద్దెకు చాలదు. ఫ్లోరిడాలో వారానికి 275 డాలర్లు దాటదు.

1935 చట్టంలోని ఒక మాట ఈ కథకంతా మూలం. డబ్బు 'చెల్లించాల్సిన వేళకు పూర్తిగా' చెల్లించే పద్ధతి ఉన్న రాష్ట్రాలకే కేంద్రం పరిపాలన ఖర్చులు ఇస్తుంది. ఈ మాటకు ఎంత బలముందో 1971లో సుప్రీంకోర్టు చెప్పింది. అప్పట్లో కాలిఫోర్నియాలో ఉద్యోగికి బీమా మంజూరయ్యాక కూడా, యజమాని అప్పీలు చేశాడంటే చాలు, చెల్లింపు ఆపేసేవాళ్లు. జూడిత్ జావా అనే మహిళ దాని మీద కోర్టుకెక్కింది. ఆమె వైపే తీర్పు వచ్చింది. ఉద్యోగం పోయిన మనిషికి ఈ డబ్బు అవసరమయ్యేది ఆ వారాల్లోనే, తర్వాతెప్పుడో ఇస్తే పథకం ఉద్దేశమే దెబ్బతింటుందన్నది ఆ తీర్పు సారం. యజమాని అప్పీలుతో చెల్లింపు ఆగడం తప్పని తేల్చిన ఆ రాష్ట్రంలోనే, అర్ధశతాబ్దం తర్వాత అదే డబ్బు కంప్యూటర్ అనుమానంతో ఆగింది.

2020లో జరిగింది

2020 మార్చి 21తో ముగిసిన వారంలో అమెరికాలో కొత్తగా నమోదైన క్లెయిములు దాదాపు 33 లక్షలు. అంతకు ముందు వారం మూడు లక్షల లోపే. ఆ తర్వాతి వారం 66 లక్షలు దాటాయి. ఎన్నడూ చూడని వరద. న్యూజెర్సీ గవర్నర్ ఫిల్ మర్ఫీ విలేఖరుల ముందుకొచ్చి పాత వ్యవస్థలు నడిచే కోబాల్ భాష తెలిసిన ప్రోగ్రామర్లు స్వచ్ఛందంగా ముందుకు రావాలని కోరాడు. కోబాల్ పుట్టింది 1959లో. ఫ్లోరిడాలో 2013లో కోట్ల డాలర్లు పోసి తెరిచిన కనెక్ట్ అనే వెబ్‌సైటు చేతులెత్తేసింది. మయామీ పక్కనున్న హయాలియాలో జనం కాగితం ఫారాల కోసం కరోనా వైరస్ భయం మధ్యనే లైబ్రరీ ముందు వరసకట్టారు.

కాలిఫోర్నియా కథ ఇంకా లోతైనది. అక్కడ ఈ పని చూసే శాఖ పేరు ఈడీడీ. క్లెయిములు లక్షల్లో పేరుకుపోయేసరికి గవర్నర్ గావిన్ న్యూసమ్ ఒక ప్రత్యేక బృందాన్ని దింపాడు. దానికి సహనేతగా ఉన్న జెన్నిఫర్ పాల్కా ఆ అనుభవాన్ని 2023లో వచ్చిన 'రీకోడింగ్ అమెరికా' పుస్తకంలో రాసింది. పేరు, పుట్టినతేదీ, సోషల్ సెక్యూరిటీ నంబరు ఎక్కడైనా ఒక్క అక్షరం కలవకపోతే ఆ క్లెయిమ్ మనుషులు చేత్తో చూసే వరసలోకి వెళ్లేది. దాన్ని తేల్చగలిగేది ఏళ్ల అనుభవమున్న కొద్దిమందే. వేలమంది కొత్తవాళ్లను చేర్చుకుంటే పని ఇంకా నెమ్మదించింది, ఆ కొద్దిమంది పాతవాళ్లే కొత్తవాళ్లకు నేర్పుతూ కూర్చోవాల్సి వచ్చింది కాబట్టి. అక్కడ 17 ఏళ్లుగా పనిచేస్తున్న ఉద్యోగి ఒకరు తాను ఇంకా కొత్తవాడినే అన్నాడట. ఆ వ్యవస్థ ఎంత చిక్కుపడిందో చెప్పడానికి ఆ ఒక్క సంగతి చాలు.

బృందం సలహా మీద ఈడీడీ 2020 సెప్టెంబరు చివర రెండు వారాలు కొత్త క్లెయిములు ఆపి, అక్టోబరులో ఐడీ.మీ అనే ప్రైవేటు సంస్థ చేతికి గుర్తింపు తనిఖీ ఇచ్చింది. ఫోన్‌తో లైసెన్సు ఫొటో తియ్యి, సెల్ఫీ తియ్యి, ముఖం కలిస్తే లోపలికి రా. దొంగల బెడద నిజమైనదే. జైళ్లలో ఉన్న ఖైదీల పేర్ల మీద కూడా డబ్బు పోయిందని ఆ నవంబరులో జిల్లా అటార్నీలు బయటపెట్టారు. మహమ్మారి కాలంలో దేశమంతటా 10,000 కోట్ల నుంచి 13,500 కోట్ల డాలర్ల దాకా మోసగాళ్ల పాలై ఉండొచ్చని కేంద్ర ఆడిట్ సంస్థ జీఏఓ 2023లో అంచనా వేసింది. తాళం అవసరం లేదని ఎవరూ అనరు, నేనూ అనను.

కానీ ఆ తాళం ఎవరి మీద పడిందో చూడాలి. 2020 చివర ఈడీడీ సుమారు 11 లక్షల క్లెయిములను అనుమానాస్పదమని పక్కన పెట్టింది. వాటిలో సగానికి పైగా, దాదాపు 6 లక్షలు, నిజమైన కార్మికులవేనని తర్వాత తేలిందని ఆ రాష్ట్ర శాసనసభకు విశ్లేషణ చేసిపెట్టే కార్యాలయం 2022లో రాసింది. ఆరు లక్షల ఇళ్లలో ఆ చలికాలం ఎలా గడిచి ఉంటుంది? ఎవరూ వాళ్లకు 'నీకు రాదు' అని చెప్పలేదు. భృతి జమయ్యే కార్డు గీస్తే డబ్బు రాలేదు, సైటు తెరిస్తే దారి లేదు, ఫోను చేస్తే ఎత్తినవాళ్లు లేరు.

మిషిగన్‌లో జరిగింది ఇంతకన్నా ఘోరం. 2013లో అక్కడ మైడాస్ అనే సాఫ్ట్‌వేర్‌ను పెట్టారు. యజమాని రికార్డుకూ ఉద్యోగి రికార్డుకూ తేడా కనిపిస్తే అదే ఒక ప్రశ్నాపత్రం పంపేది, ఆన్‌లైన్ అకౌంట్‌కు. మళ్లీ ఉద్యోగంలో చేరిపోయి ఎప్పుడో ఆ అకౌంట్ చూడటం మానేసినవాళ్లకు కూడా అక్కడికే. పది రోజుల్లో జవాబు రాకపోతే ఆ మనిషి మోసం చేసినట్టే. తీసుకున్నదానికి నాలుగు రెట్లు జరిమానా, పైన వడ్డీ, జీతంలోంచీ పన్ను రీఫండులోంచీ కోత. రెండేళ్లలో దాదాపు 40,000 మంది మీద ఈ ముద్ర పడింది. మనిషి చూడకుండా యంత్రమే తేల్చిన కేసులను తిరిగి పరిశీలిస్తే 93 శాతం తప్పని బయటపడింది. కొందరు దివాలా తీశారు. ఏళ్ల తరబడి కోర్టుల్లో పోరాడాక 2022లో రాష్ట్రం 2 కోట్ల డాలర్ల పరిహారానికి ఒప్పుకుంది. తెరవని ఇన్‌బాక్సులో పడిన ఉత్తరం అందినట్టే లెక్క అన్న నియమం ఎంత ప్రమాదకరమో చెప్పడానికి ఇంతకంటే ఏం కావాలి?

మన పేర్లు, వాళ్ల గడులు

ఈ సైట్లన్నీ ఒక ఊహ మీద నడుస్తాయి. మనిషికి ముందొక పేరు, చివర ఒక ఇంటిపేరు, అన్ని కాగితాల మీదా ఒకేలా. తెలుగువాళ్ల కాగితాలు అలా ఉండవు. పదో తరగతి సర్టిఫికెట్ మీద ఇంటిపేరు ముందుంటుంది, కొన్నిసార్లు ఒక్క పొడి అక్షరంగా. పాస్‌పోర్టులో పేరంతా ఒకే గడిలో పడి ఇంటిపేరు గడి ఖాళీగా ఉండిపోతే, అమెరికా వీసాలో మొత్తం పేరూ ఇంటిపేరు స్థానంలోకి వెళ్లి ముందు పేరు దగ్గర ఎఫ్ఎన్‌యూ (ముందు పేరు తెలియదు) అని పడుతుంది. ఆ మూడక్షరాలే ఒక్కోసారి లైసెన్సులోకీ జీతం రికార్డులోకీ ఎక్కుతాయి. వెంకట, సత్య, నాగ, లక్ష్మి కలిసిన నాలుగు మాటల పేర్లు ఒక చోట పూర్తిగా, ఇంకో చోట తెగిపోయి ఉంటాయి. పెళ్లయ్యాక ఇంటిపేరు మారిన ఆడవాళ్లకు పాస్‌పోర్టు ఒకటి చెబుతుంది, సోషల్ సెక్యూరిటీ కార్డు ఇంకొకటి. మనిషి కంటికి ఇవన్నీ ఒకరి పేర్లే. కంప్యూటర్‌కు ఇద్దరు.

ఈ సర్దుబాటు ఉద్యోగం ఉన్నప్పుడే చేసుకోవాలి. అన్నిటికంటే ముందు సోషల్ సెక్యూరిటీ కార్యాలయంలో పేరు సరిచేయించుకోవాలి, ఎందుకంటే మిగతా వాటిని దానితోనే పోల్చి చూస్తారు. తర్వాత లైసెన్సు, ఆ తర్వాత జీతం రికార్డు. క్లెయిమ్ వేసేటప్పుడు మాత్రం మనం పిలిపించుకునే పేరు పక్కన పెట్టి, సోషల్ సెక్యూరిటీ కార్డు మీద ఉన్న పేరు ఉన్నట్టుగా రాయాలి.

వీసా విషయం కూడా ఇక్కడే చెప్పాలి. గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకు, పౌరులకు, చెల్లుబాటయ్యే ఈఏడీ (పని అనుమతి పత్రం) మీద పనిచేసినవాళ్లకు మిగతా షరతులు సరిపోతే దారి తెరిచే ఉంటుంది. హెచ్1బీ వాళ్లకు సాధారణంగా రాదు. 'పనికి సిద్ధంగా, అందుబాటులో ఉండాలి' అన్నది ప్రతి రాష్ట్రంలోనూ ఉన్న నియమం. పని అనుమతే ఒక యజమానికి ముడిపడి ఉన్నప్పుడు, ఆ ఉద్యోగం పోయాక అందుబాటులో ఉన్నట్టు లెక్కవేయరు. వాళ్ల పేరు మీద యజమాని పన్ను కట్టినా సరే. చేతిలో ఉండేది గరిష్ఠంగా 60 రోజుల గడువు. ఇది సరైన న్యాయమని నేను అనుకోను, కానీ ఉన్నది ఇది. హెచ్4 ఈఏడీతో పనిచేసే జీవిత భాగస్వామి ఉద్యోగం పోతే లెక్క వేరు, ఆ సంగతి తెలియక వదిలేసుకునేవాళ్లు ఉన్నారు.

తాళం తీసుకునే దారులు

లాక్ అయ్యే కారణాల్లో ఎక్కువ భాగం చిన్నవే. 2020లో ఒకసారి క్లెయిమ్ వేసినవాళ్ల పేర పాత అకౌంట్ ఉంటుంది. కొత్తది తెరవబోతే ఈ సోషల్ సెక్యూరిటీ నంబరు మీద ఇదివరకే ఒకటి ఉందంటుంది. పాతదానికి ఓటీపీ వెళ్లేది ఎప్పుడో వదిలేసిన ఫోన్ నంబరుకు, లేదా మొన్న మూతపడిన ఆఫీసు ఈమెయిల్‌కు. ఇలాంటప్పుడు ఇంకో అకౌంట్ తెరిచే ప్రయత్నం చేయొద్దు. రెండో అకౌంట్ కనిపించగానే యంత్రం మోసగాడేమో అనుకుంటుంది. పాతదాన్నే ఫోన్ ద్వారా తెరిపించుకోవాలి. కాలిఫోర్నియాలో క్లెయిమ్ వేశాక పోస్టులో పది అంకెల కస్టమర్ నంబరు వస్తుంది. ఆ కాగితం ప్రకటనల కాగితాలతో కలిసి చెత్తబుట్టలోకి పోనివ్వకూడదు. ఇల్లు మారుతుంటే చిరునామా మార్పు ముందే నమోదు చేయాలి.

ముఖం తనిఖీలో విఫలమైతే అదే సెల్ఫీని పదే పదే తీయడం వల్ల పని జరగదు. వీడియో కాల్‌లో మనిషి చూసి నిర్ధారించే మార్గం అడగాలి. పాస్‌పోర్టు, సోషల్ సెక్యూరిటీ కార్డు, అద్దె ఒప్పందం దగ్గర పెట్టుకోవాలి. ఇంటర్నెట్ మీద నడిచే ఉచిత ఫోన్ నంబర్లను ఈ తనిఖీ తరచూ ఒప్పుకోదు.

అన్నిటికంటే ముఖ్యమైనది వారాల లెక్క. కాలిఫోర్నియాలో రెండు వారాలకోసారి 'నాకు ఇంకా పని దొరకలేదు, వెతుకుతున్నాను' అని సర్టిఫై చేయాలి. అకౌంట్ లాక్ అయింది కదా అని ఊరుకుంటే ఆ రెండు వారాల సొమ్ము చిక్కులో పడుతుంది. సైటు తెరుచుకోకపోయినా ఫోన్‌లో చేయొచ్చు, కాగితం ఫారం నింపి పోస్టులో పంపొచ్చు. క్లెయిమ్ కూడా మనం దాఖలు చేసిన వారంలోని ఆదివారం నుంచే మొదలవుతుంది. అందుకే కంపెనీ ఇచ్చిన సెవరెన్స్ సొమ్ము అయ్యాక చూద్దాం అని ఆగడం మంచిది కాదు. సెవరెన్స్‌ను ఎలా లెక్కిస్తారన్నది రాష్ట్రాన్ని బట్టి మారుతుంది, అది రాష్ట్రాన్నే తేల్చనివ్వండి. తెర మీద వచ్చిన ప్రతి ఎర్ర సందేశాన్నీ తేదీతో సహా ఫొటో తీసి ఉంచండి. ఆలస్యానికి కారణం మీరు కాదని చూపడానికి రేపు అవే సాక్ష్యం.

ఉద్యోగం పోయిన దిగులులో కొన్నాళ్లు ఇంటికి వెళ్లొద్దామని హైదరాబాద్‌కో విజయవాడకో విమానమెక్కేవాళ్లు ఉన్నారు. అక్కడి నుంచి సర్టిఫై చేయబోతే చాలా రాష్ట్రాల సైట్లు విదేశీ ఐపీ అడ్రసును అడ్డుకుంటాయి, అకౌంట్ అనుమానంలో పడుతుంది. వీపీఎన్ పెట్టి దాటిపోవచ్చని స్నేహితులు చెప్పే సలహా వినొద్దు. దేశంలో లేని వారానికి పనికి అందుబాటులో ఉన్నానని చెప్పడం అబద్ధపు ప్రకటన అవుతుంది, దాని పర్యవసానం ఈ కొద్ది డబ్బుతో పోదు.

ఎప్పుడూ క్లెయిమ్ వేయనివాళ్లకు కూడా జనవరిలో 1099-జీ అనే పన్ను కాగితం రావచ్చు, మీరు భృతి తీసుకున్నారంటూ. అంటే మీ పేరు మీద ఎవరో తీసుకున్నారు. దాన్ని పక్కన పడేస్తే రేపు మీకు నిజంగా అవసరమైనప్పుడు అకౌంట్ తెరుచుకోదు. వెంటనే రాష్ట్రానికి మోసం ఫిర్యాదు పెట్టి, సరిచేసిన కాగితం అడగాలి.

రాష్ట్రాలు చేయాల్సింది

మొదటి చెల్లింపుల్లో కనీసం 87 శాతం రెండు మూడు వారాల్లోపు జరగాలని కేంద్రం ప్రమాణం పెట్టింది. బాగానే ఉంది. కానీ ఆ లెక్కలోకి వచ్చేది చెల్లింపు అందినవాళ్లే. లాగిన్ దగ్గరే ఆగిపోయి, విసిగి వదిలేసినవాళ్లు ఆ శాతంలో ఎక్కడా కనపడరు. తాళం పడిన ప్రతి అకౌంట్‌నూ ఒక నిర్ణయంగా లెక్కగట్టాలి. ఫలానా కారణంతో ఆపాం, ఫలానా తేదీలోపు తేలుస్తాం, తేల్చకపోతే మీరు అప్పీలు చేసుకోవచ్చు అని పోస్టులో ఉత్తరం పంపాలి. జూడిత్ జావా కేసులో కోర్టు చెప్పినదానికి నేటి అర్థం ఇదేనని నేననుకుంటున్నాను.

మంచి ప్రయత్నాలు లేకపోలేదు. పోస్టాఫీసు కౌంటర్ దగ్గర మనిషికి గుర్తింపు కార్డు చూపించి నిర్ధారించుకునే పద్ధతిని కేంద్ర కార్మిక శాఖ అర్కాన్సాస్‌లో మొదలుపెట్టింది. ఊరూరా పోస్టాఫీసు ఉన్న దేశంలో ఇది ముందే రావాల్సింది. కాలిఫోర్నియా ఈడీడీ నెక్స్ట్ పేరిట పాత వ్యవస్థను తిరగరాస్తోంది, నేరుగా బ్యాంకు ఖాతాలో డబ్బు వేసే ఏర్పాటు ఇప్పటికే తెచ్చింది.

అప్పటిదాకా, ఫోన్లు ఎత్తక, సైటు తెరుచుకోక నాలుగైదు వారాలు గడిచిపోతే మిగిలిన గట్టి దారి ఒకటుంది. మీ ప్రాంతపు రాష్ట్ర అసెంబ్లీ సభ్యుడి కార్యాలయం. కాలిఫోర్నియాలో ప్రతి సభ్యుడి దగ్గరా నియోజకవర్గ ప్రజల సమస్యలు చూసే సిబ్బంది ఉంటారు. ఈడీడీతో మాట్లాడే దారి వాళ్లకు ఉంటుంది. 2020లో ఆ కార్యాలయాలకు వచ్చిన ఫోన్లలో పెద్ద వాటా ఆగిపోయిన క్లెయిముల గురించే. పేరు, క్లెయిమ్ నంబరు, ఏ తేదీన ఏం జరిగిందో అర పేజీలో రాసి పంపాలి. పౌరసత్వం లేదు, ఓటు లేదు, మన మాట ఎవరు వింటారని గ్రీన్‌కార్డు వాళ్లు, ఈఏడీ వాళ్లు ఆగిపోతుంటారు. అక్కడ అడిగేది మీరు ఆ నియోజకవర్గంలో నివసిస్తున్నారా అని మాత్రమే.